పొగగొట్టానికి ఇచ్చే కూలి: పాత ఇటుక చిమ్నీకి మాస్ హీటర్‌ను కలపడంలోని మెలిక

అమెరికాలో చలి గట్టిగా ఉండే రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్నవారికి చాలాసార్లు ఇంటితోపాటు ఒక ఇటుక ఫైర్‌ప్లేస్, దాని మీదుగా కప్పు దాటి లేచిన పొగగొట్టం కూడా వస్తాయి. ఫైర్‌ప్లేస్ చూడముచ్చటగా ఉంటుందే తప్ప ఇంటికి ఇచ్చే వేడి అంతంతమాత్రం; కట్టెల్లోని వేడిలో పదో వంతు గదిలో నిలిస్తే గొప్ప, మిగతాదంతా పొగతోపాటు ఆకాశం పాలవుతుంది. అందుకని దాని ముందు కట్టెలతో మండే మాస్ హీటర్ ఒకటి కట్టుకుని, పొగను ఉన్న గొట్టంలోకే వదిలేద్దామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. గొట్టం సిద్ధంగా ఉంది, కప్పుకు కొత్తగా రంధ్రం కొట్టనక్కర్లేదు, ఖర్చు కలిసొస్తుంది. ఈ లెక్కలో తప్పేమీ లేదు గానీ ఒక సంగతి మరుగున పడుతుంది: ఆ పొగగొట్టం ఇన్నేళ్లూ పనిచేసింది వృథాగా పోయే వేడి మీదనే, ఆ వేడే దానికి కూలి; కొత్త హీటర్ పుట్టిందేమో సరిగ్గా ఆ వృథాను ఆపడానికి. ఒకరి పొదుపు మరొకరి కూలిలో కోత పెడుతుంది. మాస్ హీటర్‌ను పాత చిమ్నీకి కలిపినప్పుడు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలా మటుకు, పొగ వెనక్కి తన్నడం మొదలుకొని గోడ మీద తేలే గోధుమరంగు మరకల దాకా, ఈ ఒక్క తగాదాలోంచే పుడతాయి.

మాస్ హీటర్ అంటే పేరులో ఉన్నట్టే బరువు మీద నడిచే హీటర్. ఇనుప స్టవ్‌లో కట్టెలను చిన్న సెగ మీద గంటల తరబడి రాజేస్తూ ఉంచుతారు. ఇందులో అలా కాదు; గంటో రెండు గంటలో పెద్ద మంటగా మండించి, ఆ వేడి పొగను ఇటుక, రాయి, మట్టి కట్టడం లోపల మెలికలు తిప్పి, వేడినంతా ఆ కట్టడానికి పట్టించి, ఆ తర్వాత పగలూ రాత్రీ అది మెల్లగా గదిలోకి వదిలేలా చూస్తారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఈ1602 మార్గదర్శకం ప్రకారం కనీసం 800 కిలోల బరువుంటేనే దాన్ని మేసనరీ హీటర్ అనాలి. ఊహ కొత్తది కాదు. కట్టెల కొరత ముంచుకొచ్చిన కాలంలో స్వీడన్‌లో కార్ల్ యోహాన్ క్రోన్‌స్టెడ్ట్, ఫాబియన్ వ్రేడే 1767లో రూపొందించిన పెంకుల పొయ్యిలో పొగ ఐదు కాలువల గుండా పైకీ కిందికీ తిరిగి గానీ బయటికి పోయేది కాదు. ఉత్తర చైనా కాంగ్, కొరియా ఒండోల్ ఇంకా పాతవి. వాటిలో పొగ మంచం కిందుగానో నేల కిందుగానో పాకి చివరికి గొట్టం ఎక్కుతుంది.

ఇప్పుడు అమెరికాలో సొంతంగా కట్టుకునేవారి మధ్య ఎక్కువగా నలిగే పేరు రాకెట్ మాస్ హీటర్. 1980ల్లో ఒరెగాన్‌లో లారీ వినియార్‌స్కీ వంటపొయ్యిల కోసం తీర్చిదిద్దిన సూత్రాలను ఇయాంటో ఎవాన్స్ ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి మలిచారు. ఇంగ్లీషు జె అక్షరం ఆకారంలో ఉండే మంటదారి, చుట్టూ వేడి పోకుండా పొదిగిన నిలువు గొట్టం, దాని మీద బోర్లించిన ఇనుప డ్రమ్ము, అక్కడినుంచి గడ్డి కలిపిన మట్టితో కట్టిన పొడవాటి అరుగు: స్థూలంగా ఇదీ దాని స్వరూపం. మన పల్లెటూరి వీధి అరుగు లాంటిదే, కాకపోతే దాని కడుపులో 6 లేదా 8 అంగుళాల గొట్టం పాకుతూ ఉంటుంది. మంట దగ్గర 1000 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో బయలుదేరిన పొగ అరుగు చివరికి చేరేసరికి 50, 60 డిగ్రీలకు దిగిపోవచ్చు. కట్టినవాళ్లు ఆ చివర గొట్టం మీద అరచెయ్యి ఆనించి, చూశారా, చెయ్యి కాలడం లేదు, వేడంతా అరుగులోనే ఉండిపోయింది అని మురిసిపోతుంటారు. ఆ మురిపెం దగ్గరే చిక్కు మొదలవుతుంది.

పొగగొట్టం పొగను తనంతట తాను పీల్చదు. లోపలి వేడి గాలి బయటి చల్లగాలి కంటే తేలిక కాబట్టి, ఆ తేడా మేరకు కింద ఒక చిన్న లాగుడు పుడుతుంది. దీన్నే డ్రాఫ్ట్ అంటారు. గొట్టం ఎంత ఎత్తుంటే, లోపలా బయటా ఉష్ణోగ్రతల తేడా ఎంత ఎక్కువుంటే లాగుడు అంత బలంగా ఉంటుంది. బయట 5 డిగ్రీల చలి, 7 మీటర్ల ఎత్తు గొట్టం అనుకుని లెక్క వేస్తే, గొట్టం పొడవునా పొగ సగటున 200 డిగ్రీలుంటే లాగుడు సుమారు 36 పాస్కల్‌లు వస్తుంది. ఇది మామూలు ఇనుప స్టవ్ పరిస్థితి. అదే పొగ 110 డిగ్రీలుంటే 24 పాస్కల్‌లు, 60 డిగ్రీలుంటే 14, 40 డిగ్రీలైతే పది కంటే తక్కువ. పది పాస్కల్‌లంటే ఎంతో ఊహకు అందాలంటే, ఒక్క మిల్లీమీటరు నీటిమట్టం పెట్టే ఒత్తిడి అని చెప్పుకోవచ్చు. ఇంత బలహీనమైన శక్తితోనే పొగ మంటదారి దాటాలి, డ్రమ్ములో తిరగాలి, అరుగంతా పాకాలి, మలుపులు తిరగాలి, ఆపైన గొట్టం ఎక్కాలి. ఒక తొంభై డిగ్రీల మలుపు అయిదడుగుల తిన్నని గొట్టంతో సమానమైన అడ్డు పెడుతుందని రాకెట్ హీటర్లు కట్టేవారు ఉజ్జాయింపుగా లెక్క వేసుకుంటారు. పక్కగదిలో వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగితే, కిటికీలు బిగుతుగా ఉన్న ఇంట్లో అది కూడా కొన్ని పాస్కల్‌ల మేర ఎదురు లాగుతుంది. 36 పాస్కల్‌లున్నప్పుడు పట్టించుకోనక్కర్లేని ఈ చిల్లర ఖర్చులు 14 దగ్గరికి వచ్చేసరికి ఆస్తినంతా కరిగించేస్తాయి.

ఇక పాత గొట్టం సంగతి. అది ఫైర్‌ప్లేస్ కోసం కట్టింది. ఫైర్‌ప్లేస్‌కు తలుపు ఉండదు. మంటతోపాటు గదిలోని గాలిని కూడా కుప్పలుగా మింగుతుంది. అందుకే ఫైర్‌ప్లేస్ నోటి వైశాల్యంలో పదో వంతో పన్నెండో వంతో గొట్టం వైశాల్యం ఉండాలని మేస్త్రీలు లెక్క పెట్టుకున్నారు. 36 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు ఉన్న నోటికి దాదాపు 100 చదరపు అంగుళాల దారి కావాలి. 6 అంగుళాల గొట్టంతో కట్టిన మాస్ హీటర్‌కు ఉన్న దారి 28 చదరపు అంగుళాలే. అంటే అరుగులోంచి వచ్చిన పొగ ఆ గొట్టంలోకి అడుగు పెట్టగానే ఒక్కసారిగా మూడున్నర రెట్లు విశాలమైన చోటికి చేరి, వేగం మూడున్నరో వంతుకు పడిపోయి, బద్ధకంగా పైకి తేలుతూ, ఎక్కినంతసేపూ చుట్టూ ఉన్న ఇటుకకు మిగిలిన కాస్త వేడిని కూడా ధారపోస్తుంది. సన్నటి పంట కాలువలో హుషారుగా పారిన నీరు చెరువులో పడగానే నిలిచిపోయినట్టే. పొగ మరీ నెమ్మదిస్తే పైనుంచి చల్లగాలి గొట్టం మూలల వెంబడి కిందికి జారడానికి కూడా సందు దొరుకుతుంది.

ఆ ఇటుక ఎంత వేడి తాగుతుందో కూడా లెక్క కట్టి చూడటం మంచిది. బయటి కొలత 20 అంగుళాల చదరం, లోపలి ఖాళీ 12 అంగుళాల చదరం, ఎత్తు 7 మీటర్లు అనుకుంటే అందులో పట్టే ఇటుక, సున్నం బరువు రెండు టన్నులు దాటుతుంది. దాన్నంతటినీ 20 డిగ్రీలు వెచ్చబెట్టడానికి 34 మెగాజౌల్‌ల వేడి కావాలి. ఆరిన కట్టె కిలోకు 15 మెగాజౌల్‌ల లెక్కన రెండు కిలోలకు పైగా కట్టెల్లోని శక్తి మొత్తం దానికే సరి. హీటర్ చివర మిగిలేది అందులో చిన్న భాగం కాబట్టి, ఆ మిగులుతో గొట్టం వేడెక్కేలోపు మంట ఆరిపోతుంది. నిజానికి గోడ బయట నిలబడ్డ పాత చిమ్నీ ఇంకో మాస్ హీటరే, కాకపోతే అది వెచ్చబెట్టేది పిచ్చుకలను.

గోడ బయటా, ఇంటి నడుమా అన్న తేడా ఇక్కడ చాలా పెద్దది. న్యూ ఇంగ్లండ్‌లో వలసకాలపు పాత ఇళ్లలో చిమ్నీ ఇంటి నట్టనడుమ, నాలుగు గదులకూ మధ్య స్తంభంలా ఉండేది. వర్జీనియా వైపు వేసవి వేడికి వంటమంట సెగ ఇంట్లోకి రాకుండా ఇంటి రెండు చివర్లా గోడలకు చేరవేసి కట్టేవారు. ఇంటి నడుమ ఉన్న గొట్టం చలికాలమంతా గదుల వెచ్చదనంలోనే ఉంటుంది కాబట్టి మంట వేయకముందే దానిలో కాస్తో కూస్తో లాగుడు ఉంటుంది. బయట 5 డిగ్రీలుండి గొట్టం లోపల గది ఉష్ణోగ్రత 20 డిగ్రీలుంటే చాలు, నాలుగైదు పాస్కల్‌లు ఉచితంగా దొరుకుతాయి. మూడు వైపులా చలిగాలికి ఒళ్లు అప్పగించిన చిమ్నీకి ఆ అదృష్టం లేదు. రాత్రంతా చల్లబడి, తెల్లవారేసరికి అందులో నిండిన బరువైన చలిగాలి ఫైర్‌ప్లేస్ లోంచి గదిలోకి దిగుతూ ఉంటుంది. అప్పుడు ఇల్లే పొగగొట్టమై, అసలు గొట్టం గాలి లోపలికొచ్చే దారి అవుతుంది. మాస్ హీటర్‌కు పనికొచ్చే పాత చిమ్నీ ఏది అని అడిగితే, ఇటుక నాణ్యత కంటే ముందు అది ఇంట్లో ఎక్కడ నిలబడి ఉందో చూడాలి.

లాగుడు తర్వాతి చిక్కు నీరు. బాగా ఎండిన కట్టెలో కూడా ఐదో వంతు తేమ ఉంటుంది. దానికి తోడు కట్టెలోని హైడ్రోజన్ మండి కొత్తగా నీరు పుడుతుంది. రెండూ కలిపితే కిలో కట్టె మండినప్పుడు 600 గ్రాములకు పైగా నీటి ఆవిరి పొగలో కలుస్తుంది. ఒక పూట 10 కిలోల కట్టెలు మండిస్తే ఆరు లీటర్లు, అంటే చిన్న బిందెలో సగం, గొట్టం గుండా ఆవిరిగా వెళ్లాలి. మండేటప్పుడు కలిసే గాలిని బట్టి మారినా, ఆ ఆవిరి ఇంచుమించు 45 నుంచి 55 డిగ్రీల మధ్య నీరుగా మారడం మొదలెడుతుంది. అరుగులోంచి 60 డిగ్రీలకు వచ్చిన పొగ చల్లటి ఇటుక గొట్టంలో రెండు మీటర్లు ఎక్కేసరికే ఆ గీత దాటేస్తుంది. మామూలు స్టవ్‌ల విషయంలో అందరూ భయపడే క్రియోసోట్, అంటే గొట్టం లోపల పేరుకుని అంటుకునే తారు, ఇక్కడ అసలు శత్రువు కాదు. సరిగ్గా మండే మాస్ హీటర్‌లో తారు పొగలోకి రాకముందే కాలిపోతుంది కాబట్టి గొట్టంలో పేరుకునే మసి తక్కువే. కానీ శుభ్రమైన పొగలో కూడా నీళ్లు ఉంటాయి, పైగా అవి కాస్త పులుపు తేలిన నీళ్లు.

లోపల మట్టి గొట్టాల లైనింగ్ లేని పాత చిమ్నీల్లో ఈ నీరు నేరుగా ఇటుకల అతుకుల్లోని సున్నంలోకి ఇంకుతుంది. ఇటుకలోని లవణాలను కరిగించుకుని గోడ అవతలి ముఖానికి తెల్లని ఉప్పులా పూస్తుంది. పడకగది గోడ వెనుక గొట్టం పోతుంటే గోడకు అతికించిన వాల్‌పేపర్ కింద టీ చుక్కల రంగు మరక మెల్లగా విచ్చుకుంటుంది, వాన పడిన రోజున తడిసిన మసి వాసన వేస్తుంది. కప్పు పైన ఉన్న భాగంలో ఆ తడి రాత్రి గడ్డకట్టి పగలు కరుగుతూ ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఒక చలికాలంలో ఏమీ కనిపించకపోవచ్చు. నాలుగైదు చలికాలాల తర్వాత మేస్త్రీని పిలవాల్సి వస్తుంది.

అమెరికా భవన నిబంధనలు ఈ తగాదాను గుర్తించకపోలేదు. కట్టెలతో మండే హీటర్‌ను ఇటుక చిమ్నీకి కలిపేటప్పుడు, గొట్టం వైశాల్యం హీటర్ మూతి వైశాల్యం కంటే తగ్గకూడదని, ఇంటి లోపలే ఉన్న చిమ్నీ అయితే మూడు రెట్లు మించకూడదని, ఒక్క గోడైనా బయటి గాలికి తెరిచి ఉంటే రెండు రెట్లు మించకూడదని నియమం. చదరపు అంగుళాల్లో కనిపించే ఈ నియమం నిజానికి వేడి గురించి చెబుతోంది. పైన చెప్పిన ఫైర్‌ప్లేస్ గొట్టం 6 అంగుళాల హీటర్‌కు మూడున్నర రెట్లు కాబట్టి ఎక్కడున్నా పనికిరాదు. అయితే అన్ని పాత చిమ్నీలనూ ఒకే గాటన కట్టడం కూడా తప్పే. ఫర్నేసు కోసమో చిన్న స్టవ్ కోసమో కట్టిన, లోపల 8 అంగుళాల మట్టి గొట్టాల లైనింగ్ ఉన్న గొట్టానికి లోపలి కొలత ఏడు అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, అంటే 49 చదరపు అంగుళాలు. 6 అంగుళాల హీటర్‌కు అది రెండు రెట్లకు లోపలే. అలాంటిది ఇంటి నడుమ ఉండి, పెంకులు పగలకుండా, అతుకులు ఊడకుండా ఉంటే దాన్ని ఉన్నదున్నట్టు వాడుకోవడంలో అభ్యంతరం పెట్టాల్సిన పనిలేదు. పాత గొట్టం లోపల దింపే స్టీలు గొట్టాలు, అంటే లైనర్లు, అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

పగుళ్లు లేవని ఎలా తెలుస్తుందంటే, కింద నిలబడి టార్చి వేసి చూస్తే తెలియదు. అమెరికా అగ్ని రక్షణ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏ వారి 211 ప్రమాణం మూడు స్థాయుల తనిఖీని చెబుతుంది. వేరే రకం పొయ్యిని కలుపుతున్నప్పుడు, ఇల్లు చేతులు మారుతున్నప్పుడు రెండో స్థాయి తనిఖీ, అంటే గొట్టం లోపల కెమెరా దింపి పొడవునా చూడటం అవసరం. బయటికి ఒకే ఇటుక దిమ్మెలా కనిపించే చిమ్నీలో రెండు మూడు వేర్వేరు దారులు ఉండవచ్చని, వాటి మధ్య అడ్డుగోడ పగిలితే ఒకదాని పొగ ఇంకోదానిలోంచి పై అంతస్తు గదిలోకి దిగవచ్చని అప్పుడే బయటపడుతుంది. నేలమాళిగలోని గ్యాస్ వాటర్ హీటర్ కూడా అదే దారిని వాడుకుంటుంటే మాస్ హీటర్‌ను అందులో కలపడం నిషిద్ధం. కట్టెల పొగ, గ్యాస్ పొగ ఒకే దారి పంచుకోకూడదు. చెక్క దూలాలకూ చిమ్నీకీ మధ్య ఇంటి లోపల కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలన్న నియమాన్ని పాత ఇళ్లలో దూలాలు పాటించవు, ఇటుకను ఆనుకునే ఉంటాయి. మాస్ హీటర్ పొగ చల్లగా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదన్న వాదన వినిపిస్తుంది గానీ, మంట అంటించేటప్పుడు పొగను అరుగులో తిప్పకుండా అడ్డదారిన నేరుగా గొట్టంలోకి పంపే సమయంలో అది చల్లగా ఉండదు.

ఈ ఇబ్బందుల్లో ఎక్కువ వాటికి మందు ఒక్కటే: పాత ఇటుక గొట్టం లోపల, హీటర్ దారికి సమానమైన కొలతలో, చుట్టూ వేడి పోకుండా పొదిగిన స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ కింది నుంచి పైదాకా దింపడం. అప్పుడు రెండు టన్నుల ఇటుక కేవలం నిలబెట్టే కవచంగా మిగిలిపోతుంది. పొగ వెచ్చబెట్టాల్సింది పల్చని రేకును మాత్రమే, అది నిమిషాల్లో వేడెక్కుతుంది. పొగలోని పులుపు నీటికి 316 రకం స్టీలు తట్టుకుంటుంది. గ్యాస్ పరికరాల కోసం అమ్మే అల్యూమినియం లైనర్ కట్టెల పొగకు అసలు పనికిరాదు. లైనర్‌కు అర అంగుళం మందాన పింగాణీ ఉన్ని చుట్టినా, చుట్టూ ఖాళీలో వర్మిక్యులైట్ అనే, వేడిని ఆపే తేలికైన ఖనిజపు మిశ్రమం పోసినా ఫరవాలేదు గానీ, ఏదీ లేకుండా వట్టి లైనర్ దింపి ఊరుకుంటే ఖర్చు పెట్టిన దానిలో సగం ఫలితమే దక్కుతుంది. 6 అంగుళాల లైనర్‌కు ఉన్ని చుడితే 7 అంగుళాలవుతుంది. 8 అంగుళాల మట్టి లైనింగ్‌లో అది దూరదు. అక్కడ పాత పెంకులను పగలగొట్టి తీయాలి, లేదంటే ముందు చెప్పుకున్నట్టు ఆ పెంకు దారినే వాడుకోవాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు అరుగు చివరి గొట్టాన్ని ఫైర్‌ప్లేస్ గొంతులోకి రెండడుగులు దూర్చి చుట్టూ గుడ్డో ఉన్నో కుక్కి వదిలేస్తారు. ఫైర్‌ప్లేస్ పైన గరాటులా వెడల్పై మళ్లీ సన్నబడే గది ఒకటి ఉంటుంది, దాని వెనుక చిన్న అటకలాంటి గట్టు ఉంటుంది. పొగ ఆ గదిలోకి తెరుచుకుంటే అక్కడే చల్లబడి, మసి ఆ గట్టు మీదకు రాలుతుంది. శుభ్రం చేయడానికి చెయ్యి దూరే సందు కూడా ఉండదు. పొగదారిని తెరిచి మూసే పలకైన పాత ఇనుప డ్యాంపర్‌ను తీసేసి, లైనర్‌ను గొంతు గుండా కిందిదాకా దింపి, దాని పాదం దగ్గర మూత తీసి మసి ఊడ్చుకునేలా ఇంగ్లీషు టీ అక్షరం ఆకారపు గొట్టం ముక్క పెట్టి, ఆ చుట్టూ ఖాళీని రేకు పలకతో మూసేయాలి. లేకపోతే గదిలోని వెచ్చటి గాలి లైనర్ పక్కనున్న ఖాళీ గుండా బయటికి పారిపోతూనే ఉంటుంది.

లైనర్ వేసినా కూలి ఎగ్గొట్టడం కుదరదు. ఎంతో కొంత వేడి గొట్టానికి వదలాల్సిందే. ఎంత అన్నదే ప్రశ్న. కిలో కట్టె మండినప్పుడు అవసరానికి రెట్టింపు గాలి కలిసిందనుకుంటే పదిన్నర కిలోల పొగ పుడుతుంది. ఆ పొగను 60 డిగ్రీల దగ్గర కాకుండా 110 డిగ్రీల దగ్గర వదిలితే అదనంగా పోయే వేడి దాదాపు అర మెగాజౌల్, 15 మెగాజౌల్‌లలో నాలుగు శాతానికి లోపు. ఆ నాలుగు శాతానికి ప్రతిగా లాగుడు 14 నుంచి 24 పాస్కల్‌లకు ఎగబాకుతుంది, గొట్టం కొసదాకా నీరు పేరుకునే గీతకు పైనే ఉంటుంది. వందలో నాలుగు రూపాయల జీతం ఇచ్చి ఇంటిల్లిపాదినీ పొగ నుంచి కాపాడే కాపలాదారును పెట్టుకోవడం నష్టపు బేరమేమీ కాదు. అయినా పొడవాటి అరుగు మీద మోజు కొద్దీ ఆఖరి డిగ్రీ దాకా పిండుకోవాలని చూసేవారే ఎక్కువ. అరుగులో పాకే గొట్టం పొడవును సుమారు 6 అంగుళాల హీటర్‌కు 20 నుంచి 30 అడుగులు, 8 అంగుళాల దానికి 30 నుంచి 50 అడుగులుగా కట్టేవారు చెబుతుంటారు. పాత చిమ్నీ బయటి గోడన ఉన్నచోట ఆ అంకెల్లో చిన్నదాన్ని పట్టుకోవడం క్షేమం.

ఈ ఎత్తుగడ తెలుగు నేలకు కొత్తది కాదు. 1950ల ఆరంభంలో హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో డాక్టర్ ఎస్.పి. రాజు రూపొందించిన పొగరాని మట్టి పొయ్యిలో, మంట ఒకటే, దాని దారి వెంట గిన్నెలు వరసగా ఉంటాయి, చివరికి పొగ గొట్టం ఎక్కి బయటికి పోతుంది. అక్కడ కూడా తూకం అదే: దారి వెంట గిన్నెలు ఎంత వేడి తీసుకోవాలి, గొట్టం పొగను లాగడానికి ఎంత మిగల్చాలి అన్నది. గిన్నె అంచు దగ్గర సందు వదిలితే అక్కడినుంచి దూరిన చల్లగాలి గొట్టాన్ని చల్లార్చి వంటింట్లో పొగ కమ్ముతుంది.

కూలిని ఎప్పుడూ ఒకే మొత్తంలో ఇవ్వనక్కర్లేదు, అవసరమైనప్పుడు ముందుగా బయానా ఇస్తే సరిపోతుంది. రష్యా పల్లె ఇళ్లలోని పొయ్యిలకు వేసవి దారి అని పిలిచే అడ్డదారి ఒకటి ఉండేది. ఒక పలక లాగితే పొగ మెలికలన్నీ తప్పించుకుని నేరుగా గొట్టం ఎక్కేది. అదే ఏర్పాటు మాస్ హీటర్‌కు కూడా చేస్తారు: డ్రమ్ము దాటగానే గొట్టంలోకి ఒక పొట్టి దారి, దానికి ఒక డ్యాంపర్. అంటించేటప్పుడు తెరిచి, గొట్టం వేడెక్కాక మూసేస్తే పొగ అరుగు దారి పడుతుంది. పాత చిమ్నీకి కలిపే ప్రతి హీటర్‌కూ ఇది ఉండి తీరాలి. అరుగు మట్టి ఆరిపోయాక గుర్తొస్తే మళ్లీ తవ్వుకోవాలి.

జనవరి ఉదయం బయటి గోడ చిమ్నీతో మంట వేయడం ఎలా ఉంటుందో దగ్గరగా చూస్తే ఈ అడ్డదారి విలువ తెలుస్తుంది. లైనర్ పాదం దగ్గరున్న మూత తీసి ఒక అగ్గిపుల్ల గీసి పట్టుకుంటే, జ్వాల గొట్టం వైపు వంగాలి. వంగకపోగా గదిలోకి వాలిందంటే చలిగాలి కిందికి దిగుతోందన్నమాట. అప్పుడు కట్టెలు అంటించడం బుద్ధి తక్కువ పని. జె ఆకారపు హీటర్‌లో కట్టెలు నిలువుగా నిలబడే నోరు పైకి తెరిచి ఉంటుంది కాబట్టి మంట వెనక్కి తిరిగి ఆ నోట్లోంచే పైకి పాకుతుంది, పొగ ముఖాన కొడుతుంది. ఒక పేజీ వార్తాపత్రికను వదులుగా ఉండచుట్టి మూత లోపల పెట్టి అంటించాలి. మొదట కాగితం పొగ తటపటాయిస్తుంది, కాసేపు గొట్టంలో గుప్పుగుప్పుమని చిన్న ఊపిరి వినిపిస్తుంది, ఆపైన ఒక్కసారిగా జ్వాల సాగిపోయి పైకి గుంజుకుపోతుంది. అప్పుడు మూత బిగించి, అడ్డదారి తెరిచి సన్నని పుల్లలతో మొదలుపెట్టాలి. ఈ పనంతా అయిదు నిమిషాలే.

మంట మొదలు కంటే మంట చివర ప్రమాదకరం. కట్టెలు నిప్పుకణికలైపోయాక పొగ కనిపించదు, వాసన రాదు, కానీ కార్బన్ మోనాక్సైడ్ పుడుతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే గొట్టం చల్లబడుతూ లాగుడు తగ్గుతుంది. వేడి గొట్టం గుండా పారిపోతుందని నిప్పు పూర్తిగా ఆరకముందే పైన పలక మూసేసి పడుకున్న కుటుంబాలు తెల్లవారి లేవకపోవడం రష్యా పల్లెలకు తరాలుగా తెలిసిన విషాదం, అక్కడ దానికి ప్రత్యేకంగా ఒక మాటే ఉంది. పాత చిమ్నీకి కలిపిన హీటర్ మీద గాలి చొరకుండా పూర్తిగా బిగిసే డ్యాంపర్ పెట్టకపోవడమే మేలు, పడకగది దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం తప్పనిసరి.

పొగ ఎలాగూ చల్లగా ఉందని, చిమ్నీతో తగాదా లేకుండా గోడకు రంధ్రం పెట్టి అడ్డంగా బయటికి వదిలేయవచ్చన్న వాదన కూడా ఉంది, తొలినాళ్ల రాకెట్ హీటర్లు కొన్ని అలాగే కట్టారు. గాలి వాలున ఉన్నంతసేపూ అది నడుస్తుంది. గాలి తిరిగి ఆ గోడనే కొడితే పది పాస్కల్‌ల లాగుడు దాని ముందు నిలవదు. కప్పు దాటి నిలబడ్డ చిమ్నీకి ఉన్న మేలు ఇక్కడే. కప్పును చీల్చుకొచ్చిన చోటి నుంచి మూడడుగుల ఎత్తు, పదడుగుల దూరంలో ఉన్న దేనికంటేనైనా రెండడుగుల ఎత్తు ఉండాలన్న నియమం గాలి ఎటు వీచినా పొగ వెనక్కి రాకూడదన్న ఉద్దేశంతో పెట్టిందే. కనుక పాత చిమ్నీని వదులుకోవడం కంటే దానికి లైనర్ వేసుకోవడమే తెలివైన పని. ఆ పని స్థానిక భవన శాఖ అనుమతితోనే చేయాలి, ఇంటి బీమా కంపెనీకి ముందే చెప్పాలి. న్యూజెర్సీలోనో పెన్సిల్వేనియాలోనో పాత ఇల్లు కొన్న తెలుగువారు ఇలాంటి ముచ్చట తీర్చుకోవాలనుకుంటే, మట్టి కలపడానికి ముందు ఈ రెండు కాగితాలు చేతికి రావాలి.

కట్టడం పూర్తయ్యాక కొలత ఒక్కటే నిజం చెబుతుంది. గొట్టం పాదం దగ్గర చిన్న రంధ్రం చేసి పొడవాటి సూది థర్మామీటర్ దిగవేసి, మొదటి చలికాలమంతా మంట వేసిన గంట తర్వాత ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకోవాలి. 100 దాటి 120 దాకా నిలిస్తే తూకం సరిపోయినట్టే. 60కి దిగువనే ఆగిపోతుంటే అడ్డదారి డ్యాంపర్‌ను పూర్తిగా మూయకుండా వేలెడు సందు వదిలి చూడాలి; చాలామందికి ఆ సందుతోనే పని అయిపోతుంది. మార్చి నెలాఖరున బయట 15 డిగ్రీలున్న సాయంత్రాల్లో మాత్రం ఆ సందు సాయం కూడా తగ్గుతుంది, లోపలా బయటా తేడా తగ్గేకొద్దీ గొట్టానికి లాగే బలం తగ్గుతుంది. అలాంటి రోజున మందపాటి దుప్పటి కప్పుకుని, కట్టెలను మర్నాటికి దాచుకోవడమే నయం.